కొంబుచా రుచి తేడా కొట్టిందా? విశాఖ ఇళ్ళలో ఇలా సరిచేసుకోండి

కొంబుచా అంటే తీపి టీని పులియబెట్టి చేసుకునే పానీయం. పాడైందనుకుని పారబోసే కొంబుచాలో చాలావరకు బాగు చేసుకోగలిగినదే. ఒక్క బూజు విషయంలోనే మొహమాటం పనికిరాదు. టీని పులియబెట్టే ఈస్ట్, బ్యాక్టీరియా కలిసి పైన కట్టే మందపాటి పొర మీద పచ్చగానో, నల్లగానో, తెల్లగానో పొడిపొడిగా నూగు కనిపిస్తే పొరతో సహా మొత్తం పారేయండి. కింద వేలాడే గోధుమరంగు తీగలు ఈస్టే, వాటికి కంగారు పడొద్దు. మళ్ళీ పెట్టేటప్పుడు లీటరు టీలో 100 మి.లీ. బూజు పట్టని పాత కొంబుచా కలపండి. మొదటి రోజుల్లో బూజును ఆపేది ఆ పులుపే.

బూజు లేదు, కానీ నోట్లో పెట్టుకోలేనంత పులుపు. మన ఊళ్ళో ముందు అనుమానించాల్సింది వేడినే. ఈస్ట్ పంచదారను ఆల్కహాల్‌గా, బ్యాక్టీరియా ఆ ఆల్కహాల్‌ను వెనిగర్‌లోని ఆమ్లంగా మారుస్తాయి. వాటికి 24–29 డిగ్రీలు హాయి. ఏప్రిల్, మే నెలల్లో విశాఖలో రాత్రి కూడా గది చల్లబడదు కాబట్టి పులియడానికి మామూలుగా చెప్పే 7–10 రోజుల లెక్క పట్టుకు కూర్చోవద్దు. నాలుగో రోజు నుంచి రోజూ శుభ్రమైన చెంచాతో రుచి చూసి, తీపీ పులుపూ సరిపోయాయనిపించగానే ఫ్రిజ్‌లో పెట్టేయండి. జార్‌కి తడిగుడ్డ చుట్టినా సముద్రపు చెమ్మగాలిలో నీరు త్వరగా ఆరదు, అందుకే ఇక్కడ పెద్దగా చల్లబడదు. నీళ్ళ బేసిన్‌లో జార్ దించి, మధ్యాహ్నం ఐస్ కట్టిన సీసా ఒకటి ఆ నీళ్ళలో వేయడమే నయం. మరీ పుల్లబడినదాన్ని ఉల్లిపాయ ముక్కల్లో వెనిగర్‌లా వాడుకోవచ్చు.

కుళ్ళిన గుడ్డు వాసన వస్తే ఈస్ట్‌కు పోషణ చాలలేదని అర్థం. అడుగు మడ్డి వడకట్టి కొన్నాళ్ళు ఆగితే తరచూ పోతుంది. ఈసారి టీ చిక్కగా కాయండి: లీటరుకు 5–6 గ్రాముల మామూలు టీపొడి, 70 గ్రాముల పంచదార. ఏలకులు, మసాలా కలిపిన పొడులు వద్దు.

నెయిల్ పాలిష్ రిమూవర్ వాసనకు వేడీ, గాలి చాలకపోవడమూ కారణాలు. మూత తీసి గుడ్డ కట్టండి. పల్చటి గుడ్డయితే చిన్న ఈగలు దూరతాయి, నేత దగ్గరగా ఉన్న పాత పంచె ముక్కను రెండు మడతలు వేయండి.

లోహపు రుచి వస్తే పాత్రను చూడండి. రాగి, ఇత్తడి పులుపుకు కరుగుతాయి, పాత ఊరగాయ జాడీల పూతలో సీసం ఉండొచ్చు. గాజే మంచిది.

రోజులు గడిచినా తీపి తగ్గకపోతే కుళాయి నీటిలోని క్లోరిన్ కారణం కావచ్చు. నీళ్ళు 15 నిమిషాలు మరిగించి, టీ పూర్తిగా చల్లారాకే పొర వేయండి.

తయారైన కొంబుచాలో రుచికి అరకు పైనాపిల్ ముక్కలో, అల్లమో వేసి సీసా బిగించేవాళ్ళు మాత్రం జాగ్రత్త. ఈ వేడికి గ్యాస్ త్వరగా పేరుకుని సీసా పగలొచ్చు. మందపాటి సీసాలే తీసుకుని, రోజుకోసారి మూత కాస్త వదులు చేసి గ్యాస్ పోనివ్వండి. కొద్దిపాటి ఆల్కహాల్ ఉంటుంది కాబట్టి పిల్లలకు, గర్భిణులకు ఇవ్వొద్దు.