వైన్ చేసే మిత్రుడు పోతే ఆయన్ని తలుచుకోవాలంటే ముందు ఆయన కార్బాయ్‌లు చూడండి

కాలిఫోర్నియాలో మా చిన్న క్లబ్‌లో మా అందరికీ వైన్ చేయడం నేర్పిన పెద్దాయన పోయినప్పుడు మేం ఫొటో, సంస్మరణ సభ, గోడమీద ఫలకం అంటూ తిరిగాం. ఆయన గరాజ్‌లో మూడు కార్బాయ్‌ల (ఇరుకు మెడ ఉన్న పెద్ద గాజు సీసాల) వైన్ ఉందన్న సంగతి నెలన్నర తర్వాత గుర్తొచ్చింది. వెళ్లి చూస్తే ఒకదాని మూతకుండే, గ్యాస్‌ని బయటికి వదిలి గాలిని లోపలికి రానివ్వని ఎయిర్‌లాక్‌లో నీళ్లు ఎండిపోయి, గాలి దూరి, లోపలిదంతా వెనిగర్ అయిపోయింది. ఆయన చేత్తో చేసిన పాతిక సీసాల వైన్ అలా పోయింది. ఆ తప్పు మీరు చేయకూడదనే ఇది రాస్తున్నాను.

అంత్యక్రియలు అయ్యాక వారం పది రోజుల్లో, ఆ ఇంటికి బాగా దగ్గరైన ఒక్కరే ఫోన్ చేయండి. తలా ఒకరు చేస్తే వాళ్లకి అదో టెన్షన్. "వైన్ మమ్మల్ని చూసుకోమంటారా?" అని అడగండి, వద్దంటే అక్కడితో వదిలేయండి.

సరే అంటే ముందు ఎయిర్‌లాక్‌లలో నీళ్లు పోయండి. కార్బాయ్‌లో ఖాళీ ఉంటే అదే రకం వైన్‌తో మెడదాకా నింపండి. సల్ఫైట్ (వైన్ చెడకుండా వేసే మందు) వేయాలని చేయి ఊరుకోదు కానీ, ముందు ఆయన నోట్‌బుక్ చూడండి. మాలోలాక్టిక్ (బ్యాక్టీరియా వైన్‌లో పులుపు తగ్గించే దశ) ఇంకా నడుస్తుంటే సల్ఫైట్ దాన్ని ఆపేస్తుంది. అయిపోయిందని రాసి ఉంటే, ఈ మధ్య వేయలేదని కూడా తేలితే, 5 గ్యాలన్లకి పావు టీస్పూన్ పొటాషియం మెటాబైసల్ఫైట్ (ఆ సల్ఫైట్ పొడే ఇది) చాలు. తొందరపడి వాటిని వేరే ఇంటికి మార్చకండి, అడుగున పేరుకున్న మడ్డి అంతా లేస్తుంది. పైగా నిండిన 5 గ్యాలన్ల గాజు కార్బాయ్ పాతిక కిలోల దాకా బరువుంటుంది, ఇద్దరు లేకుండా ఎత్తొద్దు.

ఆ నోట్‌బుక్‌లో ప్రతి పేజీ ఫొటో తీసి, అసలుది ఇంటివాళ్లకే ఇచ్చేయండి. రాయని సంగతులే ఎక్కువ ఉంటాయి. రసం పులిసేటప్పుడు పైకి తేలే తొక్కల పొరను ఎంత గట్టిగా కిందికి నొక్కేవారు, ఏ వాసన వచ్చాక తొక్కలు పిండి (ప్రెస్ చేసి) వైన్ వేరు చేద్దామనేవారు, ఇలాంటివి ఆయనతో కలిసి పనిచేసినవాళ్లని ఒక సాయంత్రం కూర్చోబెట్టి చెప్పించి రాసుకోండి. మాకు ఫలకం కన్నా ఆ సాయంత్రమే మిగిలింది.

తర్వాతి కోతల్లో ఆయన పద్ధతిలోనే ఒక బ్యాచ్ చేయండి. మేం కాలిఫోర్నియాలోని ద్రాక్ష పండే లోడై నుంచి జిన్‌ఫాండెల్ అనే నల్ల ద్రాక్ష తెచ్చాం, ఎందుకంటే ఆయన ఏటా అదే తెచ్చేవారు. తొక్కలు నొక్కడానికి రోజుకి రెండుసార్లు చొప్పున వంతులు వేసుకున్నాం. పళ్లు చితక్కొట్టే రోజు ఆయన పిల్లల్నీ మనవల్నీ పిలవండి. తాగనివాళ్ల కోసం ఈస్ట్ వేయకముందే కొంత రసం తీసి ఫ్రీజర్‌లో పెట్టండి, ఈ పని మాత్రం మర్చిపోవద్దు.

అమెరికాలో ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువుంటే 200 గ్యాలన్లు చేసుకోవచ్చు, అమ్మకూడదు. కాబట్టి ఆయన పేరు మీద విరాళాలు పోగుచేయాలనుకుంటే సీసాలు వేలం వేయకండి. డబ్బు విడిగా పోగుచేసి, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన యూసీ డేవిస్‌లో ద్రాక్ష సాగు, వైన్ తయారీ నేర్పే విభాగంలాంటి చోటికి ఇవ్వొచ్చు.

లేబుల్ మీద ఆయన పేరు, ద్రాక్ష రకం, సంవత్సరం చాలు. ఫొటో వేయాలంటే ఇంటివాళ్లని అడగండి. మన సంవత్సరీకంలా ఆయన పోయిన తేదీకి అందరూ కలవండి, మొదటి గ్లాసు ఆయన భార్య చేతికివ్వండి. కొత్త జిన్‌ఫాండెల్ అప్పటికి ఇంకా కార్బాయ్‌లోనే ఉంటే ఆయన మిగిల్చి వెళ్లినదే తెరవండి. ఓ డజను సీసాలు పడుకోబెట్టి దాచి ఏటా ఒకటి తీయండి, రుచి ఎలా ఉందో ఆ నోట్‌బుక్‌లో ఆయన చివరి పేజీ తర్వాత రాయమని ఆయన మనవడికో మనవరాలికో ఇవ్వండి.