బ్యాక్‌గామన్ స్వయంబోధిని – ఆరవ పాఠం: చివరి రెండు కాయలు

ఆట మొదలయ్యేటప్పుడు ఒక్కొక్కరి కాయలు మొత్తం 167 అడుగులు నడవవలసి ఉంటుందనీ, రెండు పాచికల పందెం సగటున ఎనిమిది అడుగుల పైచిలుకు నడిపిస్తుందనీ పోయిన పాఠంలో చూశాం. ఆ లెక్క ఆట చివరికి వచ్చేసరికి ఎక్కడ మోసం చేస్తుందో ఇప్పుడు చూద్దాం.

ఇరువైపుల కాయలూ ఒకదాన్నొకటి దాటేశాక కొట్టడాలూ అడ్డుకోవడాలూ ఉండవు. పదిహేను కాయలనూ సొంత ఇంటి ఆరు గళ్ళలోకి చేర్చి, ఎవరు ముందుగా బోర్డు దాటిస్తారన్నదే మిగులుతుంది. అష్టాచెమ్మా ఆడుతూ పెరిగినవాళ్ళం కాబట్టి దీన్ని ‘పండించడం’ అనే అంటాను. అయితే అష్టాచెమ్మాలో చాలా ఇళ్ళలో సరిగ్గా కావలసినంత పందెం పడితే గాని కాయ పండదు. ఇక్కడ పడిన అంకె గల గడిలో గాని దానికి పైన గాని కాయ లేకపోతే, ఉన్నవాటిలో అన్నిటికన్నా పై గడిలోని కాయను ఆ అంకెతో పండిస్తాం. మిగిలిన అడుగులు వృథాగా పోతాయి. మూడో గడిలో ఒక్క కాయ ఉంటే మూడడుగులు, ఒకటో గడిలో మూడు కాయలున్నా మూడడుగులే. కానీ మొదటిది ఏ పందేనికైనా పండుతుంది, రెండోదానికి జంట (రెండు పాచికల మీదా ఒకే అంకె, అప్పుడు ఆ అంకెను నాలుగుసార్లు నడపవచ్చు) పడాలి, అంటే 36 పందేలలో ఆరే అవకాశాలు.

మొన్న ఆదివారం చిక్కడపల్లిలో మా ఇంటి వరండాలో మేనల్లుడితో ఆడుతుండగా, ఇంకో రెండు పందేలు దొరికితే నేను గెలిచేసే స్థితిలో ఉన్నాను. వాడికి 6, 3, 2 గళ్ళలో ఒక్కో కాయ మిగిలి ఉండగా ఆరూ ఒకటీ పడ్డాయి. ఆరుతో ఆరో గడి కాయను పండించి, ఒకటితో మూడో గడి కాయను రెండుకు దించి, రెండింటినీ ఒకే గడిలో పొందికగా పెట్టాడు. ఎందుకలా ఆడావని అడిగితే, “మామయ్యా, ఎలా జరిపినా మిగిలేది నాలుగడుగులే కదా!” అన్నాడు. వాడి లెక్క తప్పు కాదు, ఆట తప్పు. రెండో గడిలో రెండు కాయలుంటే, ఏ పాచిక మీద ఒకటి పడినా (జంట ఒకట్లు తప్ప) పని చెడుతుంది. అలాంటి పందేలు పది, కాబట్టి గెలిపించేవి 26. అదే రెండో గడి కాయను ఒకటికి దించి 3, 1 గళ్ళలో ఉంచితే, రెండూ ఒకటీ కలిసి పడ్డప్పుడు మాత్రమే ఓటమి, గెలిపించేవి 34. ముందు ఒకటితో ఆరో గడి కాయను అయిదుకు దించి, తరవాత ఆరుతో దాన్నే పండించే మూడో దారి కూడా ఉంది గాని, అప్పుడు 3, 2 గళ్ళు మిగులుతాయి కాబట్టి అది అన్నిటికన్నా అధమం.

రెండు కాయలను ఒకే గడిలో పెట్టకూడదన్న సూత్రం ఇక్కడ నిలుస్తుంది, ఆరడుగుల్లోనూ నిలుస్తుంది: 5, 1 గళ్ళకూ 4, 2 గళ్ళకూ 23 చొప్పున, 3, 3కు 17 మాత్రమే. అలాగని ఎంత దూరంగా ఉంటే అంత మంచిదనుకోకండి, ఎందుకంటే ఏడడుగుల దగ్గర 6, 1కి 15, 4, 3కు 17, మధ్యనున్న 5, 2కు 19. ఈ అంకెలు కంఠస్థం చేయమనను. కాగితం మీద ఆరు అడ్డు, ఆరు నిలువు గళ్ళు గీసి ఒక్కసారి మీ చేత్తో నింపుకుంటే చాలు.

డబ్లింగ్ క్యూబ్ (ఒడ్డిన పణాన్ని రెట్టింపు చేద్దామంటూ ఎదుటివాడికి ఇచ్చే ఘనం; అతను దాన్ని తీసుకుని ఆడాలి, లేదా ఆట వదులుకోవాలి) వాడే ఆటలో ఈ తేడా ఇంకా బరువెక్కుతుంది. తరవాతి పందేనికి ఎదుటివాడు గెలవడం ఖాయమైన ఆఖరి ఘట్టంలో మీరు క్యూబ్ ఇస్తే, అతనికి 36లో కనీసం తొమ్మిది అవకాశాలుంటేనే తీసుకోవడం లాభం. 2, 2 మీద మా మేనల్లుడు క్యూబ్ ఇచ్చి ఉంటే నాకు పది అవకాశాలు ఉన్నాయి కాబట్టి తీసుకునేవాడిని, 3, 1 మీద ఇస్తే మారుమాట లేకుండా వదులుకునేవాడిని.

వచ్చే పాఠం క్యూబ్ గురించే. ఈలోగా 6, 4, 2 గళ్ళలో ఒక్కో కాయ పెట్టి, మళ్ళీ ఆరూ ఒకటీ పడ్డాయనుకోండి. మూడు దారులున్నాయి, ఒక్కోదానికి గెలిపించే పందేలు ఎన్నో లెక్కకట్టి రాసి ఉంచండి, జవాబుతోనే ఏడో పాఠం మొదలుపెడతాను.