వానలకు ముందే ఇంటి చుట్టూ సిమెంటు బాట చూసుకోండి

తిరుపతిలో గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యే ఎక్కువ, 2021 నవంబరు వరదలు ఎవరూ మర్చిపోలేదు కదా, కాబట్టి ఇంటి చుట్టూ ఉన్న కాంక్రీటు బాట పనులు సెప్టెంబరులోనే ముగించేయండి.

ముందు ఒక బకెట్ నీళ్లు పోసి చూడండి. నీళ్లు గోడవైపు వస్తుంటే అసలు సమస్య అదే, పునాది పక్కన నీరు నిలిస్తే గోడకు చెమ్మ ఎక్కుతుంది. వాలు ఎప్పుడూ బయటికి ఉండాలి, మీటరుకు 2 సెంటీమీటర్లు చాలు.

వెంట్రుకంత సన్నని పగుళ్లకు టెన్షన్ పడక్కర్లేదు. కాస్త వెడల్పయినవాటిని ఉలితో తెరిచి, దుమ్మంతా బ్రష్‌తో తీసి, తడిపి, నీళ్లలో పల్చగా కలిపిన సిమెంటు పూసి, అది ఆరకముందే ఒక వంతు సిమెంటు, మూడు వంతుల ఇసుక కలిపిన మాలు గట్టిగా కూరాలి. పైపైన సిమెంటు మెత్తి వెళ్లిపోయే మేస్త్రీలు ఉంటారు, దగ్గరుండి చేయించండి. తర్వాత తడి గోనెపట్టా కప్పి వారం రోజులు తడుపుతూనే ఉండాలి, మన ఎండకు ఒక్క పూట వదిలేసినా మళ్లీ పగులుతుంది.

ఒక పలక పైకి లేచిందా? పక్కన వేపచెట్టో రావిచెట్టో ఉంటే వేరు పని అయ్యుంటుంది, పగులు పూడ్చి లాభం లేదు, ఆ ముక్క తీసేసి చెట్టుకు చోటు వదిలి మళ్లీ పోయించాలి.

పాచికి బ్లీచింగ్ పౌడర్ నీళ్లు, గట్టి చీపురు చాలు. యాసిడ్ వద్దు, కాంక్రీటును తినేస్తుంది, పైగా బ్లీచింగ్‌తో కలిస్తే విషవాయువు వస్తుంది.