హాట్‌స్పాట్ మీద పని చేస్తుంటే కాల్ వచ్చి నెట్ కట్ కాకుండా ఎట్ల చేస్కోవాలె?

డిగ్రీ సీట్ల దోస్త్ సైట్‌ల వెబ్ ఆప్షన్లు పెడుతుంటేనో, భూముల పోర్టల్ భూభారతిల స్లాట్ బుక్ చేస్తుంటేనో సరిగ్గ పేమెంట్ పేజీ తిరిగేటప్పుడే ఫోన్ మోగుతది, నెట్ పోతది, పైసలు కట్ అయినయా లేదా తెల్వదు. దేవరకొండ, అచ్చంపేట దిక్కు ఊర్లల్ల చాన ఇండ్లకి ఫోన్ హాట్‌స్పాటే నెట్, దాని మీదనే ల్యాప్‌టాప్ నడవాలె. ఎవర్ని అడిగినా రెండే ఉపాయాలు చెప్తరు, కాల్ వెయిటింగ్ బంద్ చెయ్యి అని, డు నాట్ డిస్టర్బ్ పెట్టు అని. రెండూ పనికిరావు, దయచేసి ఎవరికీ చెప్పకండి.

కాల్ వెయిటింగ్ బంద్ చేసుడు ల్యాండ్‌లైన్ కాలం ముచ్చట. 1995 ఆగస్టు 15న సర్కారు కంపెనీ వీఎస్‌ఎన్‌ఎల్ జనానికి నెట్ ఇచ్చినంక చాన ఏండ్లు నెట్ అంటే డయలప్పే, మోడెమ్ నంబర్ కొట్టి కలుపుకునేది, అంటే నెట్టే ఒక కాల్. ఆ కాల్ నడుస్తుండంగ ఇంకో కాల్ వస్తే ఎక్స్ఛేంజి మధ్యల బీప్ కొట్టేది, ఆ బీప్‌కి మోడెమ్ లైన్ పోయిందనుకొని పెట్టేసేది. అందుకే కాల్ వెయిటింగ్ తీసేస్తే అయిపోయేది, అవతలోళ్లకి ఎంగేజ్ వచ్చేది, విండోస్‌ల కూడ ఆ కోడ్ రాసుకునేందుకు ఒక డబ్బా ఉండేది. ఇప్పుడు మొబైల్ డేటా కాల్ కాదు గదా, నెట్ ఎంత నడిచినా మీ ఫోన్ బిజీ లెక్కల రాదు, కాబట్టి కాల్ వెయిటింగ్ బంద్ చేసే #43# కోడ్ కొట్టినా కాల్ సక్కగ వచ్చి పడ్తది. డు నాట్ డిస్టర్బ్ పెడితే సప్పుడు ఒక్కటే ఆగుతది, టవర్ నుంచి కాల్ వచ్చుడు ఆగదు.

అసలు సంగతి ఏందంటే 4జీల మాటలకి పాతకాలం లెక్క వేరే దారి లేదు. వోల్టీ, అంటే సెట్టింగ్స్‌ల VoLTE అని కనబడేది, ఆన్‌ల ఉంటే కాల్ గూడ 4జీ మీదనే వస్తది, నెట్ నడుస్తనే ఉంటది. వోల్టీ లేకుంటే కాల్ తీస్కునేందుకు ఫోన్ 2జీకో 3జీకో దిగిపోతది, 2జీకి దిగితే నెట్ ఆగినట్టే. పైగ రింగ్ కాకముందే దిగుతది, అందుకే మోగంగనే కట్ చేసినా లాభం లేదు, మళ్ల 4జీ ఎక్కేదాక పేజీ అట్లనే తిరుగుతుంటది.

ఇగ పని. ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తోనే ల్యాప్‌టాప్‌కి కలిపి, హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌ల యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి, వైఫై హాట్‌స్పాట్ వద్దు, కేబుల్ అయితే చార్జింగ్ గూడ ఎక్కుతది. బ్యాటరీ సేవర్ తీసేయండి. ఫోన్ కిటికీ పక్కన పెట్టండి.

తర్వాత సెట్టింగ్స్‌ల సిమ్ దగ్గరికి పోయి వోల్టీ ఆన్ చేయండి, జియో వాళ్లకి 2జీ 3జీనే లేవు కాబట్టి అది ఎట్లయిన వోల్టీనే. ఆన్ చేసి ఊకోవద్దు, టెస్ట్ చేయాలె. ఇంట్ల ఇంకో ఫోన్ నుంచి కాల్ చేయించి మోగుతుండంగ పైన గుర్తు చూడండి, 4జీ అట్లనే ఉంటే మంచిది, 2జీ గుర్తు E అనో 3జీ గుర్తు H అనో పడితే వోల్టీ పని చేస్తలేదని అర్థం.

రెండో సిమ్ సంగతి ఎవరూ పట్టించుకోరు, చాన మందికి నెట్ పోయేది దీనితోనే. మన దగ్గర అమ్మే చాన డ్యూయల్ సిమ్ ఫోన్లల్ల కాల్ మాట్లాడేటప్పుడు రెండు సిమ్‌లు ఒకటేసారి పని చెయ్యవు, రెండో సిమ్‌కి కాల్ వచ్చి ఎత్తితే మొదటి సిమ్ డేటా ఆగుతది. కాల్ టైంల డేటాని ఇంకో సిమ్‌కి మార్చే ఆప్షన్ ఉంటది గని అది నమ్ముకోవద్దు, సిమ్ మారంగనే ఐపీ అడ్రస్, అంటే నెట్‌ల మీ కనెక్షన్ నంబర్, మారుతది, బ్యాంకు పేజీ మధ్యల అట్లయితే బయటికి పంపేయొచ్చు. రెండో సిమ్ ఆఫ్ చేయండి. ఓటీపీ దానికే వస్తదంటే ఆ సిమ్ తీసి బటన్ ఫోన్‌ల వేసుకొని పక్కన పెట్టుకోండి.

వోల్టీ టెస్ట్ పాసయి రెండో సిమ్ ఆఫ్ అయితే చాన మందికి ఇంతతో అయిపోతది. టెస్ట్ ఫెయిలయినోళ్లకి మిగిలింది కాల్ ఫార్వర్డింగ్, అంటే మీకు వచ్చే కాల్‌ని ఇంకో నంబర్‌కి మళ్లించుడు, దీన్ని మాత్రం నిదానంగ చదవండి, తప్పు చేస్తే నెట్ కాదు బ్యాంకుల పైసలు పోతయి.

ఫోన్ యాప్ సెట్టింగ్స్‌ల కాల్ ఫార్వర్డింగ్ ఉంటది, దాంట్ల నాలుగు రకాలు కనబడ్తయి: ఎప్పుడూ, బిజీగ ఉంటే, ఎత్తకుంటే, అందుబాటుల లేకుంటే. మనకి కావల్సింది "ఎప్పుడూ" అనేది ఒక్కటే. అందరు ఎత్తకుంటే అన్నది పెడ్తరు, అది ఫోన్ మోగినంకనే పని చేస్తది, మోగిందంటే అప్పటికే నెట్ పోయింది. ఎప్పుడూ అన్నది పెడితే కాల్ నెట్‌వర్క్ దగ్గరనే తిరిగి పోతది, మీ ఫోన్ దాక రాదు. మిగిలిన మూడింట్ల ముందే ఏదన్న నంబర్ ఉంటే ముట్టొద్దు.

ఏ నంబర్‌కి ఫార్వర్డ్ చేయాలె? ఇంట్లోళ్ల నంబర్, అది గూడ మీ ముంగట ఉన్న ఫోన్‌ది. అదే ఫోన్‌ల ఉన్న రెండో సిమ్‌కి పెట్టొద్దు, కాల్ తిరిగి తిరిగి అదే ఫోన్‌కి వస్తది. ఎవరో ఫోన్ చేసి స్టార్ 21 స్టార్ కొట్టి ఫలానా నంబర్ కొట్టు, స్టార్ 401 కొట్టు అంటే అస్సలు కొట్టొద్దు, మీ కాల్స్ వాళ్లకి పోతయి, కాల్ మీద చెప్పే ఓటీపీలు గూడ వాళ్లకే పోతయి. ఈ మోసాలు ఎక్కువై టెలికాం శాఖ 2024 ఏప్రిల్ 15 నుంచి స్టార్ 401 కోడ్‌తోని ఫార్వర్డ్ చేసుడు ఆపించింది. అందుకే ఫార్వర్డింగ్ పెట్టేందుకు నేను కోడ్‌లు కొట్టమని చెప్తలేను, మెనూల నుంచే చేయండి, నంబర్ మీ వేలుతోనే కొట్టండి.

మెసేజ్‌లు ఫార్వర్డ్ కావు, మెసేజ్ ఓటీపీ ఎప్పటిలెక్కనే మీకు వస్తది. ఓటీపీ కాల్ మీద వచ్చే రకం సైట్ అయితే ఫార్వర్డ్ చేసిన ఫోన్ చేతిల పట్టుకోండి. మెనూ ఎర్రర్ చూపిస్తే వైఫై ఆఫ్ చేసి అదే సిమ్ డేటా మీద మళ్ల ప్రయత్నించండి. పెట్టినంక ఇంకో ఫోన్ నుంచి కాల్ చేసి చూడండి, మీది మోగొద్దు, ఇంట్లోళ్లది మోగాలె. వాట్సాప్ కాల్ మాత్రం దీనితోని ఆగదు, అది డేటా మీదనే వస్తది కాబట్టి నెట్ కట్ చెయ్యదు, జెర స్లో చేస్తది అంతే.

పని అయి రసీదు డౌన్‌లోడ్ కాంగనే, కేబుల్ పీకకముందే ఫార్వర్డింగ్ తీసేయండి, రేపు చూద్దామని వదిలేస్తే మర్చిపోతరు. మెనూల తీసేసినంక *#21# కొట్టండి, వాయిస్ ఫార్వర్డ్ కాలేదు అని రావాలె. ఇంకా ఏదన్న నంబర్ కనబడితే ##21# కొట్టండి, "ఎప్పుడూ" అన్న ఫార్వర్డింగ్ ఒక్కటే పోతది, మిగిలిన మూడు అట్లనే ఉంటయి. అప్పుడు రెండో సిమ్ ఆన్ చేసి, రెండు నంబర్లకీ బయటి నుంచి ఒక్కొక్క కాల్ చేయించి చూస్కోండి.