వైఫై డ్రైవర్‌ను నలుగురికీ పనికొచ్చేలా ఉమ్మడి రిపాజిటరీలో పెట్టడం ఎలా?

లినక్స్‌లో యూఎస్‌బీ వైఫై అడాప్టర్ పనిచేయకపోతే, ఎక్కడో దొరికిన డ్రైవర్ సోర్సును సరిదిద్ది ఎలాగో పని కానిచ్చేస్తుంటారు. ఆ కోడ్ ఒక్కొక్కరి పెన్‌డ్రైవ్‌లో ఒక్కో రకంగా ఉండిపోతుంది. కాలేజీ ల్యాబ్‌కో, మిత్రబృందానికో ఒక ఉమ్మడి గిట్ రిపాజిటరీ (కోడ్‌ను, దానిలో జరిగిన ప్రతి మార్పునూ దాచే చోటు) ఉంటే ఒకరు చేసిన మరమ్మతు అందరికీ అందుతుంది.

ముందు చిప్ ఏదో తేల్చుకోండి

డబ్బా మీది మోడల్ పేరును నమ్ముకోవద్దు. టీపీ-లింక్ టీఎల్-డబ్ల్యూఎన్722ఎన్ మొదటి వెర్షన్‌లో ఎథెరాస్ ఏఆర్9271 చిప్ ఉండేది. రెండో వెర్షన్ నుంచి రియల్‌టెక్ ఆర్‌టీఎల్8188ఈయూఎస్ వచ్చింది. పేరు అదే, డ్రైవర్ వేరు. అడాప్టర్ తగిలించి ‘ఎల్ఎస్‌యూఎస్‌బీ’ కమాండ్ ఇస్తే 0బీడీఏ:8812 లాంటి ఐడీ కనిపిస్తుంది. రీడ్‌మీలో (రిపాజిటరీ గురించి చెప్పే ఫైలులో) మోడల్ పేర్లతో పాటు ఈ ఐడీలు తప్పకుండా రాయండి.

ఆ చిప్‌కు లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్‌లోనే డ్రైవర్ ఉందేమో కూడా చూడండి. రియల్‌టెక్ చిప్‌ల కోసం కెర్నల్‌లో ఉన్న ఆర్‌టీడబ్ల్యూ88 డ్రైవర్‌కు 6.2 వెర్షన్‌లో యూఎస్‌బీ సపోర్ట్ వచ్చింది. ఆర్‌టీఎల్8812ఏయూ, 8821ఏయూ చిప్‌లు ఆ తర్వాతి వెర్షన్లలో చేరాయి. కెర్నల్ డ్రైవర్ బాగా పనిచేస్తుంటే రిపాజిటరీ ఆలోచన మానుకోవడమే మేలు.

లైసెన్సు: ఇక్కడ తొందర పనికిరాదు

ప్రతి సోర్సు ఫైలు పైభాగంలోని కాపీరైట్ వ్యాఖ్య చదవండి. జీపీఎల్ (స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు) వెర్షన్ 2 అని ఉంటే కాపీ చేయొచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు. అయితే పాత కాపీరైట్ వరుసలు చెరపకూడదు, లైసెన్సు పూర్తి పాఠాన్ని ‘కాపీయింగ్’ ఫైలుగా జతచేయాలి. అడాప్టర్‌తో వచ్చిన సీడీలోని ఫైళ్ల మీద ‘కాన్ఫిడెన్షియల్’ అని ఉంటే వాటి జోలికి పోవద్దు.

చిప్ లోపల నడిచే ప్రోగ్రామ్ అయిన ఫర్మ్‌వేర్ సంగతి వేరు. అది డ్రైవర్ పక్కనే ఉన్నా లైసెన్సు ఒకటే కానక్కర్లేదు. లినక్స్-ఫర్మ్‌వేర్ రిపాజిటరీలో ‘వెన్స్’ అనే ఫైలు ఏ ఫర్మ్‌వేర్ ఏ షరతుల మీద వచ్చిందో చెబుతుంది. అలాంటి పట్టిక మీరూ పెట్టండి. పంచే హక్కు లేని ఫర్మ్‌వేర్లూ ఉన్నాయి. బ్రాడ్‌కామ్ బీ43 చిప్‌లకు ‘ఎఫ్‌డబ్ల్యూకట్టర్’ అనే పనిముట్టు పుట్టింది అందుకే: ఫర్మ్‌వేర్‌ను తయారీదారు డ్రైవర్ నుంచి వాడేవాళ్లే తీసుకుంటారు. అలాంటిచోట ఫైలు పెట్టకుండా తీసుకునే పద్ధతి రాయండి.

కంపైల్ చేసిన ‘కేఓ’ ఫైలు (కెర్నల్‌లోకి ఎక్కించే మాడ్యూల్) మాత్రమే పెట్టడం దండగ. ఒక కెర్నల్‌కు కట్టినది మరోదానిలో సాధారణంగా ‘ఇన్‌వ్యాలిడ్ మాడ్యూల్ ఫార్మాట్’ అంటుంది. పైగా జీపీఎల్ కోడ్‌కు సోర్సు అందించాల్సిందే.

రిపాజిటరీ కట్టడం

మొదటి కమిట్‌లో (గిట్‌లో ఒక మార్పును నమోదు చేయడం) అసలు సోర్సును అక్షరం మార్చకుండా పెట్టండి. ఎక్కడి నుంచి తెచ్చారో, ఏ వెర్షనో మెసేజ్‌లో రాయండి. ఆ తర్వాత ఒక్కో మార్పుకు ఒక్కో కమిట్. ఇది పాటించకపోతే ఆరు నెలల తర్వాత మీరేం మార్చారో మీకే అర్థం కాదు.

తర్వాత, కెర్నల్ బయటి డ్రైవర్లను కంపైల్ చేసి పెట్టే డీకేఎంఎస్ అనే పనిముట్టు కోసం ‘డీకేఎంఎస్ డాట్ కాన్ఫ్’ ఫైలు రాయండి. ఇందులో ప్యాకేజీ పేరు, వెర్షన్, మాడ్యూల్ పేరు, అది చేరాల్సిన చోటు ఉండాలి. ‘ఆటోఇన్‌స్టాల్’కు ‘యెస్’ అని ఇవ్వండి. అప్పుడు కెర్నల్ అప్‌డేట్ అయినప్పుడల్లా డ్రైవర్ తనంతట తానే మళ్లీ కంపైల్ అవుతుంది.

వాడేవాళ్లకు రీడ్‌మీలో ఈ వరుస ఇవ్వండి:

1. జీసీసీ, మేక్, డీకేఎంఎస్, నడుస్తున్న కెర్నల్‌కు సరిపోయే హెడర్లు (డ్రైవర్ కంపైల్ చేయడానికి కావాల్సిన కెర్నల్ ఫైళ్లు) వేసుకోవాలి. కెర్నల్ వెర్షన్ ‘యూనేమ్ -ఆర్’ చెబుతుంది.
2. సోర్సును యూఎస్ఆర్ లోని ఎస్ఆర్‌సీ ఫోల్డర్‌లో ‘పేరు-వెర్షన్’ అనే డైరెక్టరీగా పెట్టాలి.
3. డీకేఎంఎస్‌లో యాడ్, బిల్డ్, ఇన్‌స్టాల్ వరుసగా ఇవ్వాలి.
4. ‘మోడ్‌ప్రోబ్’తో మాడ్యూల్ ఎక్కించాలి.

నెట్ లేకనే కదా ఈ డ్రైవర్ కోసం వచ్చేది! ఫోన్‌తో యూఎస్‌బీ టెథరింగ్ పెట్టుకోమని మొదటి వరుసలోనే చెప్పండి. అదీ కుదరనివాళ్లకు సోర్సు టార్ ఫైలు, హెడర్లు, డీకేఎంఎస్ ప్యాకేజీలు పెన్‌డ్రైవ్‌లో వేసుకునేలా కట్ట కట్టి, పక్కన ఎస్‌హెచ్‌ఏ256 చెక్‌సమ్ (ఫైలు మారలేదని సరిచూసుకునే అంకెల వరుస) ఇవ్వండి.

ఎక్కడ బెడిసికొడుతుంది?

బిల్డ్ ఆగిపోతే మొదట హెడర్లు సరిపోలాయో లేదో చూడాలి. అవి సరిగ్గా ఉంటే డీకేఎంఎస్ వదిలే ‘మేక్ డాట్ లాగ్’లో తొలి ఎర్రర్ వెతకాలి, కింద వచ్చేవన్నీ చాలావరకు దాని తోకలే. సాధారణంగా కెర్నల్ లోపలి ఫంక్షన్లు మారడమే కారణం. 4.15లో టైమర్లు పెట్టే పద్ధతి మారింది, 5.6లో ప్రాక్ ఫైళ్లకు వేరే స్ట్రక్చర్ వచ్చింది. పాత కోడ్ తీసేయకుండా, కెర్నల్ వెర్షన్ షరతు పెట్టి కొత్తది పక్కన చేర్చండి. పాత కెర్నల్ వాడే ల్యాబులూ ఉంటాయి.

‘కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్’ అని వస్తే అది నమ్మకమైన సంతకం లేని మాడ్యూళ్లను అడ్డుకునే సెక్యూర్ బూట్ పని. మాడ్యూల్ సంతకానికి వాడిన కీని ‘మోక్‌యుటిల్’తో నమోదు చేసి, రీబూట్‌లో వచ్చే నీలం తెరలో ఆమోదించాలి. ఆ తెర కాసేపే ఉంటుంది. అది దాటిపోతే నమోదు మళ్లీ మొదలుపెట్టాలి.

రెండు డ్రైవర్లు ఒకే అడాప్టర్ కోసం పోటీపడితే, వద్దనుకున్నదాన్ని మోడ్‌ప్రోబ్ బ్లాక్‌లిస్టులో వేయండి.

సమస్య చెప్పేవాళ్లను కెర్నల్ వెర్షన్, యూఎస్‌బీ ఐడీ, కెర్నల్ సందేశాలు చూపే ‘డీఎంఈఎస్‌జీ’ కమాండ్ చివరి 50 వరుసలు తప్పనిసరిగా అడగండి. చిప్ కెర్నల్‌లో చేరిన రోజున, ఏ వెర్షన్‌లో చేరిందో రీడ్‌మీ పైనే రాసి, పాతదాన్ని ‘డీకేఎంఎస్ రిమూవ్’తో తీసేయమనండి. లేకపోతే డీకేఎంఎస్ మాడ్యూళ్లు చేరే అప్‌డేట్స్ ఫోల్డర్‌లోని పాత మాడ్యూలే ముందు లోడ్ కావొచ్చు.