బాక్సింగ్ స్కోరు కార్డు రాయడం నేర్చుకుందాం – 4వ పాఠం: పడగొట్టినవాడిదేనా పైచేయి?

పోయిన పాఠంలో 10 పాయింట్ల పద్ధతి చూశాం. రౌండు గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9, ఓడినవాడు ఒకసారి కింద పడితే మామూలుగా 8. ఇవాళ అదే లెక్కతో ఒక పాత గొడవలోకి దిగుదాం.

2018 డిసెంబర్ 1, లాస్ ఏంజెలెస్. డబ్ల్యూబీసీ (వరల్డ్ బాక్సింగ్ కౌన్సిల్) హెవీవెయిట్ టైటిల్ కోసం డియాంటే వైల్డర్, టైసన్ ఫ్యూరీ తలపడ్డారు. 12 రౌండ్లు అయ్యాక డ్రా అని ప్రకటించారు.

ముందు చివరి రౌండు చూడండి. వైల్డర్ కుడిచేత్తో ఒకటి, వెంటనే ఎడమ హుక్ (మోచెయ్యి వంచి పక్కనుంచి కొట్టే దెబ్బ) ఇంకొకటి కొట్టాడు. ఫ్యూరీ వెల్లకిలా పడ్డాడు, కదలిక లేదు. రెఫరీ జాక్ రీస్ పక్కనే వంగి లెక్కపెడుతున్నాడు. ఇక అయిపోయింది అనుకునేలోపే ఫ్యూరీ లేచి నిలబడ్డాడు! ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఆ దెబ్బ చూసినవాళ్లకు వైల్డరే గెలిచాడనిపించడం సహజం. కానీ అదెంత పెద్ద దెబ్బయినా ఆ ఒక్క రౌండు ఖాతాలోకే వెళ్తుంది.

లెక్క వేద్దాం. ఫ్యూరీ పడింది రెండుసార్లు, 9లో, 12లో. ఆ రెండూ 10–8 అంటే వైల్డర్‌కు 4 పాయింట్ల ఆధిక్యం. మిగిలిన 10 రౌండ్లలో ఫ్యూరీ 7 గెలిస్తే 113–113, సమానం. జడ్జి ఫిల్ ఎడ్వర్డ్స్ కార్డు ఇదే. 8 గెలిస్తే 114–112తో ఫ్యూరీది, రెండో జడ్జి రాబర్ట్ టాపర్ అలా ఇచ్చాడు. చెరి 5 అయితే 115–111తో వైల్డర్‌ది, అది మూడో జడ్జి అలెహాంద్రో రోచిన్ కార్డు. ఒకటి ఇటు, ఒకటి అటు, ఒకటి సమానం, అందుకే డ్రా. కాబట్టి అసలు ప్రశ్న ఒకటే: ఆ 10 రౌండ్లలో వైల్డర్‌వి ఎన్ని?

ఇక్కడ తొందరపడకండి. దెబ్బలు లెక్కపెట్టే సంస్థ కంప్యూబాక్స్ లెక్కలో ఫ్యూరీ తగిలించినవి 84, వైల్డర్ 71. 12 రౌండ్లకు పంచితే రౌండుకు 7, 6. అంత పల్చటి రౌండ్లలో ఒక్క మంచి జాబ్ (ముందున్న చేతిని చాచి కొట్టే సూటి దెబ్బ) కూడా ఫలితం మార్చేస్తుంది. వైల్డర్ విసిరినవి 430, ఫ్యూరీ 327. మనల్ని మోసం చేసేది అదే. బలంగా ఊపిన చెయ్యి కళ్లకు పెద్దగా కనిపిస్తుంది, కానీ గాలిలో పోయిన దెబ్బకు మార్కు లేదు. ముందుకు తోసుకొచ్చినంత మాత్రాన కూడా రాదు, తగలాలి. నేను ఎన్నిసార్లు రాసినా వైల్డర్‌కు రెండు, మహా అయితే మూడు. ఐదు మాత్రం నాకు దొరకలేదు.

అభ్యాసం: వ్యాఖ్యానం వినబడకుండా సౌండ్ ఆపేసి చూడండి. గంట కొట్టగానే అంకె వేయండి, తర్వాత దిద్దకండి. పక్కన ఒక్క ముక్కలో కారణం రాయండి: "జాబ్‌లు తగిలాయి", "కుడిచెయ్యి ఒకటి గట్టిగా పడింది", ఇలా. 12వ రౌండులో లేచాక ఫ్యూరీ మళ్లీ కొట్టడం మొదలుపెట్టాడు. దాన్ని చూసి 10–8ని 10–9 చేయవచ్చా? మీ జవాబు కార్డు అడుగున రాసి ఉంచండి, వచ్చే పాఠం అక్కడి నుంచే.