హార్డ్ డిస్కు పోయిందనుకునే ముందు దాని డబ్బాను చూడండి

మాది రాజమండ్రిలో చిన్న స్టూడియో. పెళ్లి వీడియోలన్నీ 3.5 అంగుళాల డిస్కుల్లో, ఎన్‌క్లోజర్లలో (డిస్కుని లోపల పెట్టి యూఎస్‌బీతో కంప్యూటర్‌కి కలిపే డబ్బాల్లో) పెట్టి దాస్తాం. ఒక మే నెల మధ్యాహ్నం 4 టీబీ డిస్కుకి కాపీ పెట్టి భోజనానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి కాపీ సగంలో ఆగింది, డిస్కు కంప్యూటర్‌లో కనిపించడం లేదు. డబ్బా మీద చెయ్యి వేస్తే ఇస్త్రీ పెట్టెలా చురుక్కుమంది. డిస్కు పోయిందని చాలా టెన్షన్ పడ్డాను. పాడైంది డిస్కు కాదు. ఆ తర్వాత నేను చూసిన కేసుల్లో చాలావాటిలో తప్పు డబ్బాదో, అడాప్టర్‌దో, దాచిన చోటుదో అయ్యింది.

గంటసేపు బాగానే నడిచి, తర్వాత డిస్‌కనెక్ట్ అవుతోంది

ముందు ఉష్ణోగ్రత చూడండి. విండోస్‌లో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్ వేస్తే స్మార్ట్ వివరాల్లో (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కల్లో) 194 నంబరు దగ్గర ఉంటుంది, అందులో అది C2 అని కనిపిస్తుంది. ఆ రోజు నాకు 61 చూపించింది. చాలా డిస్కులకు కంపెనీ ఇచ్చే గరిష్ఠ హద్దు 60 డిగ్రీలు. రెడీమేడ్ ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌ల వివరాల్లో అయితే తరచుగా 5 నుంచి 35 డిగ్రీలని రాసి ఉంటుంది. అది గది వేడి. మన ఊళ్లలో మే నెలలో ఏసీ లేని గది ఆ గీత ఎప్పుడో దాటేస్తుంది.

ఇప్పుడు డబ్బా మూత తీసి, టేబుల్ ఫ్యాన్ ఎదురుగా పెట్టి, అదే కాపీ మళ్లీ నడపండి. నాది గంటలో 43కి దిగింది, కాపీ పూర్తయింది. ఇలా అయితే నేరం డబ్బాదే. పెద్ద డిస్కు పనిచేస్తున్నంతసేపూ ఆరేడు వాట్ల వేడి పుట్టిస్తుంది. కంతలు లేని ప్లాస్టిక్ డబ్బాలో ఆ వేడికి బయటికి దారి ఉండదు. లోపల యూఎస్‌బీని సాటాగా (డిస్కుకి ఉండే కనెక్షన్‌గా) మార్చే చిన్న చిప్పు కూడా కాగిపోతుంది. డిస్కు తట్టుకున్నా ఈ చిప్పు చేతులెత్తేస్తే లైను తెగుతుంది.

కొత్తది కొనేటప్పుడు అల్యూమినియం అనే మాట ఒక్కటే చూసి మోసపోకండి. డిస్కు వీపు ఆ లోహానికి ఆనుకుంటేనే వేడి బయటికొస్తుంది. మధ్యలో ప్లాస్టిక్ ట్రే ఉంటే ఆ అల్యూమినియం అందానికే. కొద్దిపాటి సందయితే థర్మల్ ప్యాడ్ (వేడిని దాటించే మెత్తటి పట్టీ) ముక్క పెట్టి పూడ్చవచ్చు. వారానికి రెండు గంటలు వాడే డిస్కుకి ఇది చాలు. రోజంతా తిరిగేదానికి ఫ్యాన్ ఉన్నదే కొనండి. నెమ్మదిగా తిరిగే 80 మిల్లీమీటర్ల ఫ్యాన్ మేలు. 40 మిల్లీమీటర్లది కీచుమని అరుస్తుంది, ఆ గోల భరించలేక మీరే ఏదో ఒకరోజు ఆపేస్తారు. నాలుగు డిస్కుల డబ్బాలో సాధారణంగా మధ్యవే ఎక్కువ వేడెక్కుతాయి. కాబట్టి చివరిదాని అంకె చూసి ఊరుకోవద్దు.

అలాగని ఐసు ప్యాకులు, ఫ్రిజ్‌ల జోలికి పోకండి, తేమ పడుతుంది. 30 నుంచి 45 మధ్య ఉంటే హాయిగా వదిలేయొచ్చు. గూగుల్ ఇంజనీర్లు లక్షకు పైగా డిస్కులను గమనించి 2007లో ఇచ్చిన లెక్కల్లో కూడా, ఎంత చల్లగా ఉంటే అంత ఎక్కువ కాలం బతుకుతాయని ఏమీ తేలలేదు. వేడి దెబ్బ కనిపించింది బాగా కాగినవాటిలో, అందులోనూ పాతబడ్డవాటిలో.

వేగం మాత్రమే పడిపోయి, ఉష్ణోగ్రత మామూలుగా ఉంటే అది ఎస్‌ఎమ్‌ఆర్ రకం డిస్కు (డేటా వరసలను ఒకదాని మీద ఒకటి కొంత కప్పుతూ రాసేది) కావచ్చు. ఆగకుండా రాస్తూ పోతే దాని స్వభావమే అంత. ఫ్యాన్ పెట్టినా మారదు.

టిక్కుమంటోంది, తిరగబోయి ఆగిపోతోంది

అడాప్టర్ మీద అక్షరాలు చదవండి. 3.5 అంగుళాల డిస్కు తిరగడం మొదలెట్టే క్షణంలో 12 వోల్టుల దగ్గర దాదాపు 2 ఆంపియర్లు లాగుతుంది. చవక డబ్బాతో వచ్చే 1.5 ఆంపియర్ల అడాప్టర్ అక్కడే చతికిలబడుతుంది. నేను 3 ఆంపియర్లదే వాడతాను. చిన్న 2.5 అంగుళాల డిస్కయితే పాత యూఎస్‌బీ 2 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లే. కంప్యూటర్ వెనక ఉన్న యూఎస్‌బీ 3 పోర్టుకి, పొట్టి కేబుల్‌తో పెట్టి చూడండి. మంచి అడాప్టర్‌తో, వేరే డబ్బాలో కూడా అదే చప్పుడు వస్తుంటే ఇక ప్రయత్నాలు ఆపండి. హెడ్ (డిస్కు మీద డేటా చదివే, రాసే భాగం) దెబ్బతిని ఉంటే మీరు ఆన్ చేసిన ప్రతిసారీ ఇంకొంత డేటా పోవచ్చు. డేటా రికవరీ చేసేవాళ్లకు ఇచ్చేయండి.

డబ్బా మార్చగానే ‘ఫార్మాట్ చేయాలా?’ అంటోంది

వద్దని నొక్కండి. నాకు తెలిసినాయన ఒకరు సరేనన్నారు, వాళ్లమ్మాయి అన్నప్రాశన ఫొటోలు పోయాయి. మీ డేటా చాలావరకు అక్కడే ఉంటుంది, కొత్త డబ్బాకి చదవడం రాదంతే. కొన్ని డబ్బాలు డిస్కు సెక్టార్లను (డేటా దాచే చిన్న గళ్లను) 512 బైట్లుగా కాక 4096గా కంప్యూటర్‌కి చూపిస్తాయి. లెక్క మారితే పార్టిషన్ (ఫైళ్లున్న భాగం) కనిపించదు. కొన్ని రెడీమేడ్ డ్రైవ్‌లలో, మీరు పాస్‌వర్డ్ పెట్టకపోయినా, డబ్బా లోపలి సర్క్యూట్ బోర్డే డేటాని ఎన్‌క్రిప్ట్ చేస్తుంది (వేరేవాటికి అర్థం కాని రహస్య రూపంలోకి మారుస్తుంది). బాగా పాత డబ్బాలకు 2 టీబీ పైచిలుకు తర్వాత ఏమీ కనిపించదు. డిస్కుని పాత డబ్బాలోకే తిప్పి పెట్టండి, డేటా వేరే డిస్కుకి కాపీ చేయండి, ఆ తర్వాతే కొత్త డబ్బాలో ఫార్మాట్ చేయండి. పాత డబ్బా బోర్డుని పారేయొద్దు.

స్మార్ట్‌లో 199 పెరుగుతోంది

199 (క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో C7) అంటే డేటా అటూ ఇటూ వెళ్లేటప్పుడు పడ్డ తప్పుల లెక్క, ఇది డిస్కుకీ డబ్బా బోర్డుకీ మధ్య సమస్య. యూఎస్‌బీ కేబుల్ ఎన్ని మార్చినా తగ్గదు. డిస్కు తీసి, కనెక్టర్ తుడిచి, గట్టిగా కూర్చోబెట్టండి. పెరుగుతున్నది 5 లేదా 197 (అందులో 05, C5; పాడైన, అనుమానంగా ఉన్న సెక్టార్ల లెక్క) అయితే అది డిస్కు జబ్బే, వెంటనే కాపీ తీయండి.

రెండేళ్లు బీరువాలో ఉంది, ఇప్పుడు లేవట్లేదు

తిరిగే డిస్కుకి గాలి కావాలి, పడుకున్న డిస్కుకి పొడితనం కావాలి. మనం సరిగ్గా ఉల్టా చేస్తాం. నడిచేదాన్ని టీవీ స్టాండు అరలో మూసేస్తాం, దాచేదాన్ని రెగ్జిన్ పౌచ్‌లో పెట్టి మరిచిపోతాం. గోదావరి పక్కన, సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లలో ఆ పౌచ్ తేమ పీల్చుకుంటుంది. ఒక డిస్కు బోర్డు విప్పితే, హెడ్‌లకు తగిలే చుక్కల మీద నల్లటి పొర కట్టి ఉంది. పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, తుడిచి బిగిస్తే లేచింది. ప్రతిసారీ లేస్తుందని కాదు.

యాంటీ స్టాటిక్ కవరు (స్థిర విద్యుత్తు నుంచి కాపాడేది), అందులో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు, బయట మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా. ఇంతే. రంగు మారే జెల్ అయితే ఎప్పుడు మార్చాలో దానంతటదే చెబుతుంది. డిస్కు మీద ఉన్న చిన్న గాలి రంధ్రానికి మాత్రం టేపు వేయకండి. ఏసీ గదిలోంచి ఉక్కపోతలోకి తెస్తే గంటా రెండు గంటలు ఆగి ఆన్ చేయండి. ఆరు నెలలకోసారి తీసి, ఫోల్డర్ తెరిచి చూడటంతో సరిపెట్టక, ఫైళ్లన్నీ మొదటి నుంచి చివరిదాకా చదివించండి. ఆ పూట ఫ్యాన్ ఉన్న డబ్బాలోనే.

అడాప్టర్‌ని కూడా ఆ ప్లాస్టిక్ డబ్బాలోనే పెట్టి, మీద చీటీ అంటించండి, లేకపోతే పొరపాటున వేరేది గుచ్చి 12 వోల్టుల డిస్కుని కాల్చేసుకుంటారు. మానిటర్ తాలూకు 19 వోల్టుల పిన్ను కూడా చాలా ఎన్‌క్లోజర్లలో చక్కగా దూరిపోతుంది.